పాత గ్రామ పటం, కొత్త టోపో మ్యాపు పక్కపక్కన పెట్టుకుని మీ ఊరిని చదవడం ఎలా

మా నాయన బీరువాలో, పట్టాదారు పుస్తకాల అడుగున, ఎనిమిది మడతల గ్రామ పటం ఒకటి ఉండేది. మడతల దగ్గర చిరిగిపోతే ఎవరో వెనక గుడ్డ అంటించారు. ఫోన్లో ఊరు ఊరంతా పైనుంచి కనపడుతుంటే ఇక ఈ కాగితంతో ఏం పని అని నేనూ అనుకున్నవాణ్ణే. ఒక ఏడాది వానలు బాగానే పడ్డా మా చెరువులోకి నీళ్ళు రాలేదు. ఎందుకు రాలేదో చూద్దామని ఫోను తెరిస్తే అందులో చెరువు ఉంది గానీ చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ లేదు. నాయన కాగితంలో కాలువ ఉంది, కానీ అది ఇప్పటి పొలాల్లో, ఇప్పటి రోడ్ల మధ్య ఎక్కడ పడుతుందో ఆ కాగితం చెప్పదు. రెండూ కలిపితే తప్ప పని కాలేదు, కలపడంలో నేను రెండుసార్లు తప్పుదారి పట్టాను కూడా. మీరు పట్టకూడదని ఇది రాస్తున్నా. మాది కందుకూరు వైపు, అందుకని ఉదాహరణలు అక్కడివే ఎక్కువ. పద్ధతి మాత్రం నెల్లూరుకైనా గిద్దలూరుకైనా ఒకటే.

ముందు, మీ చేతిలో ఉన్న పాత కాగితం ఏ రకమో తేల్చుకోండి

మనం అన్నిటినీ మ్యాపు అనే అంటాం, సగం గొడవ అక్కడే మొదలవుతుంది. ఊళ్ళలో దొరికేవి మూడు రకాలు.

ఒకటి గ్రామ పటం. సర్వే నంబర్లు, హద్దు రాళ్ళు, చెరువు, డొంక (బండ్ల బాట), గుడి, బావులు అన్నీ ఉంటాయి, ఎత్తుపల్లాలు మాత్రం ఉండవు, అక్షాంశ రేఖాంశాలు అసలే ఉండవు. మన వైపు పాతవి ఎక్కువగా మైలుకు 16 అంగుళాల లెక్కన గీసినవి, అంటే కాగితం మీద అంగుళం నేల మీద 330 అడుగులు. ఈ 330 ఏమిటి, అడ్డదిడ్డంగా ఉందే అనిపిస్తుంది గానీ, అది సరిగ్గా ఐదు గొలుసులు. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పాత కాగితాలన్నిటికీ ఈ గొలుసే ఆధారం, కాబట్టి లింకు అంటే దాదాపు 20 సెంటీమీటర్లని గుర్తుపెట్టుకోండి. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. మన నెల్లూరు లెక్క 72 చదరపు అడుగుల అంకణంలో చెప్పాలంటే సెంటుకు ఆరు అంకణాలు, పైన కొసరు.

రెండోది ఎఫ్ఎంబీ, అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, పొలం కొలతల పుస్తకం. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పేజీ. దీంట్లో బొమ్మ కన్నా బొమ్మ మీద రాసిన అంకెలు ముఖ్యం, ఎందుకో చివర్లో చెప్తా.

మూడోది టోపోషీటు, కేంద్ర ప్రభుత్వ సర్వే సంస్థ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళది. పాతవి అంగుళానికి మైలు, అంటే 1:63,360. మెట్రిక్ లెక్కలు వచ్చాక 1:50,000 అయ్యాయి, రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. వీటిలోనే ఎత్తులు, గోధుమ రంగు గీతలుగా ఉంటాయి. వీటిని పాత రోజుల్లో ప్లేన్ టేబుల్ వేసుకుని గీశారు. ముక్కాలి మీద బల్ల, బల్ల మీద కాగితం, కొండ మీద నిలబడి కంటికి కనిపించేదాన్ని అక్కడికక్కడే గీయడం. ఇప్పటివి విమానం ఫొటోల నుంచి, ఉపగ్రహ చిత్రాల నుంచి కంప్యూటర్లో తీసి, తర్వాత నేల మీద సరిచూస్తారు. ఈ తేడా ఉత్తి చరిత్ర కాదు, పనికొచ్చే తేడా. బల్ల పట్టుకుని తిరిగినవాడు ఊళ్ళో మనుషుల్ని అడిగి పేర్లు రాసుకున్నాడు, చెట్ల కింద పోయే చిన్న కాలువను కాళ్ళతో దాటాడు. పైనుంచి తీసిన ఫొటోకు చెట్టు కింద ఏముందో తెలియదు. అదే కొండల్లోకి పోతే లెక్క తిరగబడుతుంది. ఆ మనిషి ఎక్కలేని వెలికొండ లోయల్లో గీతలు కొంత అంచనా మీద పడ్డాయి, అక్కడ కొత్త మ్యాపునే నమ్మండి. వీటికంటే ముందు, త్రిభుజాల సర్వే (త్రిభుజాలు కట్టి దూరాలు లెక్కగట్టే పద్ధతి) ఇంకా మన దాకా రాని రోజుల్లో చేత్తో గీసిన పటాల్లో గుట్టలు గొంగళిపురుగుల్లా ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ వాటి మీద దూరాలు కొలిచే పని పెట్టుకోకండి.

కొత్త మ్యాపు తెచ్చుకోవడం

సర్వే ఆఫ్ ఇండియా 2017లో 1:50,000 టోపో మ్యాపులను ఉచితంగా దింపుకునే వీలు కల్పించింది. వాళ్ళ ఆన్‌లైన్ మ్యాపుల పోర్టల్లో ఖాతా తెరిచి, మీ షీటు పీడీఎఫ్ తీసుకోండి. తీరంలోని మనకు ఇది చిన్న సంగతి కాదు. ఒకప్పుడు తీరప్రాంతపు షీట్లు మామూలు మనిషికి ఇచ్చేవాళ్ళు కాదు. 2005లో వచ్చిన జాతీయ మ్యాపు విధానంతో జనానికి వేరే వరస, రక్షణ శాఖకు వేరే వరస చేశారు.

షీటు నంబరు దగ్గర జాగ్రత్త. పాత వరసలో కందుకూరు 57 ఎం/16లో ఉంటుంది. అక్కడినుంచి ఉలవపాడు మీదుగా కరేడు సముద్రం దాకా పోయారంటే 80 డిగ్రీల రేఖాంశం దాటేస్తారు, షీటు ఏకంగా 66 ఎ/4 అయిపోతుంది. నెల్లూరు ఊరైతే మరీ, ఆ 80 డిగ్రీల గీత అంచునే ఉంది, 57 ఎన్/15 ఒక్కటే తెచ్చుకుంటే తూర్పు వైపు ఊరు మాయం, 66 బి/3 కూడా కావాలి. కొత్త వరసలో ఈ నంబర్లు లేవు, నెల్లూరు, ప్రకాశం జిల్లాలు దాదాపు అంతా డి 44తో మొదలయ్యే షీట్లలో వస్తాయి. పోర్టల్లో ఊరి పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు, అక్షాంశ రేఖాంశాలు చూసి పట్టుకోవడం మేలు.

షీటు చేతికొచ్చాక మొట్టమొదట చూడాల్సింది అంచున చిన్న అక్షరాల్లో ఉండే సర్వే సంవత్సరం. ప్రింటు సంవత్సరం వేరు, సర్వే చేసిన సంవత్సరం వేరు, మధ్యలో చాలా ఏళ్ళు ఉండొచ్చు. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైంది. అంతకు ముందు సర్వే చేసిన షీట్లో అక్కడ పోర్టు వెతికి, మ్యాపు తప్పని తిట్టుకుంటే ఎలా? రోడ్డు నంబరు కూడా అంతే, పాత షీట్లో జాతీయ రహదారి 5 అని ఉంటే అది మన ఇప్పటి 16.

జిల్లా పేరు చూసి షీటు పక్కన పడేయకండి కూడా. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఒంగోలు జిల్లా పుట్టాక అటు పోయింది, ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు 1970కి ముందు కర్నూలు జిల్లాలో ఉండేవి, ఒంగోలు, అద్దంకి గుంటూరులో. రికార్డు ఆఫీసులో పాత కాగితం అడిగేటప్పుడు ఇప్పటి జిల్లా పేరు చెప్తే లేదనే అంటారు, వాళ్ళ తప్పేం లేదు. ఆ కాగితం పుట్టిన ఏడాదికి మీ ఊరు ఏ జిల్లాలో ఉందో ఆ పేరు చెప్పండి.

కొలత ఒకటి చేయడం (నేను మొదట బోల్తా పడింది ఇక్కడే)

నాయన పటాన్ని జిరాక్స్ తీయించాను. కొట్టు అబ్బాయి కాగితంలో పట్టడానికి కొంచెం తగ్గించి తీశాడు, నేను గమనించలేదు. ఇంటికొచ్చి స్కేలు పెట్టి, అంగుళానికి 330 అడుగుల చొప్పున కొలుచుకుని పోతే కాలువ మొదలు ఉండాల్సిన చోట పక్కాయన నిమ్మతోట. ఆయనతో కాసేపు మాటామాటా కూడా అయింది, సిగ్గుచేటు. తర్వాత చూస్తే తప్పు జిరాక్స్‌ది.

కాబట్టి కాగితం మీద రాసిన స్కేలు అంకెను నమ్మొద్దు, గీసి ఉన్న స్కేలు గీతను నమ్మండి. పటం ఎంత తగ్గితే అదీ అంత తగ్గుతుంది. పటం మీద స్కేలు గీత చిరిగిపోయి ఉంటే, ఇప్పటికీ నేల మీద ఉన్న రెండు పాత రాళ్ళ మధ్యో, గుడికీ చెరువు తూముకూ మధ్యో టేపుతో కొలిచి, ఆ దూరంతో లెక్క కట్టుకోండి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కొలవండి, ఎందుకంటే పాత కాగితం రెండు వైపులా ఒకేలా ముడుచుకోదు. ఫోనుతో ఫొటో తీస్తే అంచులు వంగుతాయి. తప్పనిసరైతే అద్దం కింద పరిచి సరిగ్గా పైనుంచి తీయండి, లేదా పెద్ద ప్లాన్లు స్కాన్ చేసే కొట్టుకు తీసుకుపోండి.

పాత అంగుళం షీటును కొత్త 1:50,000 షీటుతో పోల్చాలంటే ఒక సులువు ఉంది, 127 శాతానికి పెంచి జిరాక్స్ తీయించండి. రెండూ దాదాపు ఒకే కొలతకు వస్తాయి, ట్రేసింగ్ పేపరు మీద ఒకటి గీసి రెండోదాని మీద పెట్టి చూడొచ్చు. గ్రామ పటానికి ఈ పప్పులుడకవు. మూడు కిలోమీటర్ల ఊరు గ్రామ పటంలో 76 సెంటీమీటర్లు, టోపో షీట్లో ఆరు సెంటీమీటర్లు. దానికి కంప్యూటరే దిక్కు.

కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పరచడం

క్యూజీఐఎస్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కింద ఉపగ్రహ చిత్రమో కొత్త టోపో షీటో పెట్టుకోండి, ఆ తర్వాత జియోరెఫరెన్సర్‌లో (పాత పటాన్ని నేల మీది చోట్లకు కుదిర్చే పనిముట్టు, అందులోనే ఉంటుంది) పాత పటం స్కాన్ తెరిచి, పటం మీద ఒక చోటు నొక్కి, అదే చోటు కింది మ్యాపు మీద చూపించాలి. అలా కనీసం ఆరేడు చోట్లు, ఊరి నలుమూలలా పడేట్టు.

ఏ చోట్లు ఎంచుకుంటారన్నదే అసలు విద్య. కదలనివి కావాలి. పాత గుడి గర్భాలయం మంచిది, ధ్వజస్తంభం వద్దు, మార్చి ఉంటారు. చెరువు తూము, కలుజు (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటు) బాగుంటాయి. రైలు వంతెన ఉంటే ఇంకేం కావాలి. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోటి రాయి బంగారం లాంటిది, అది గ్రామ పటంలోనూ ఉంటుంది, నేల మీద ఉంటే ఫోను పెట్టి స్థానం రాసుకోవచ్చు. గుట్ట మీద సర్వే వాళ్ళ త్రిభుజపు రాయి ఉంటే టోపో షీట్లకు అంతకు మించింది లేదు. వాగు మలుపు, ఏటి ఒడ్డు, మర్రిచెట్టు, రోడ్డు అంచు, ఇవేవీ వద్దు. మన్నేరు లాంటి ఇసుక ఏరు వరదకొకసారి ఒడ్డు మార్చుకుంటుంది, దాన్ని పట్టుకుని పటాన్ని లాగితే ఊరంతా వంకర పోతుంది.

సాఫ్ట్‌వేర్ ఒక్కో చోటుకు ఎంత తప్పు వచ్చిందో చూపిస్తుంది. ఒక్కదానికే తప్పు పెద్దగా ఉంటే ఆ చోటు తప్పు గుర్తించారన్నమాట, తీసేయండి. మెనూలో థిన్ ప్లేట్ స్ప్లైన్ అని ఒక పద్ధతి కనిపిస్తుంది, అది అన్ని చోట్లనూ బలవంతాన కలిపేసి తప్పు సున్నా అని చూపిస్తుంది. ఎంత హాయిగా ఉందో అనుకుంటారు. తప్పు పోలేదు, కనపడకుండా దాక్కుంది అంతే. పాలినామియల్ 1 పెట్టుకోండి, మిగిలిన తప్పు ఎంతో తెలిసి ఉండటమే మంచిది.

రెండు వందల మీటర్ల దెయ్యం

ఇది నా రెండో బోల్తా. జిరాక్స్ సరిచేసుకున్నాక, పాత టోపో షీటు అంచున ఉన్న డిగ్రీల అంకెలు చూసి, కాలువ మొదలయ్యే చోటి అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టి ఫోన్లో కొట్టాను. ఫోను నన్ను ఒక మెట్ట చేలో నిలబెట్టింది, చుట్టుపక్కల వాగు జాడే లేదు. పాత షీటు తప్పు చెప్పలేదు, ఫోనూ తప్పు చెప్పలేదు. పాత షీట్లు 1830 నాటి ఎవరెస్ట్ లెక్క ప్రకారం భూమి ఆకారాన్ని తీసుకుంటాయి, ఫోను డబ్ల్యూజీఎస్ 84 లెక్క. అంకెలు ఒకటే అయినా నేల మీద చోటు వేరు, మన ప్రాంతంలో ఆ తేడా సుమారు రెండు వందల మీటర్లు. కొత్త ఉచిత షీట్లకు ఈ బాధ లేదు, అవి ఫోను లెక్కలోనే ఉంటాయి.

పాత షీటును క్యూజీఐఎస్‌లో నాలుగు మూలల అంకెలతో కూర్చోబెడుతుంటే, డబ్ల్యూజీఎస్ బదులు కల్యాణ్‌పూర్ 1975 (పాత ఎవరెస్ట్ లెక్కకు అక్కడ పేరు ఇది) ఎంచుకోండి, తేడా చాలావరకు అదే సరిచేస్తుంది. కంప్యూటరు లేదంటే, పాత అంకెల జోలికే పోకుండా, గుడి నుంచి ఇంత దూరం, ఈ దిక్కు అని కొలుచుకోండి. మా తాతల పద్ధతి, ఎప్పుడూ తప్పలేదు.

నీళ్ళ దారి చదవడం

ఇప్పుడు అసలు పని. టోపో షీట్లో గోధుమ రంగు గీతల మీద ఒకే గీత అంటే ఒకే ఎత్తు. 1:50,000 షీట్లలో గీతకూ గీతకూ మధ్య సాధారణంగా 20 మీటర్లు, పాత అంగుళం షీట్లలో 50 అడుగులు, అంటే 15 మీటర్ల పైచిలుకు. పాత షీటులో 200 అని ఉంటే అది అడుగులు, కొత్తదాంట్లో 60 ఉంటే మీటర్లు, కొండ తరిగిపోలేదు. గీతలు వాగు దగ్గర వంగి కోసుగా మారతాయి, ఆ కొస ఎప్పుడూ ఎగువ వైపే చూపిస్తుంది. ఇదొక్కటి తెలిస్తే నీళ్ళు ఎటునుంచి ఎటు పోతాయో చెప్పేయొచ్చు.

నీలం రంగులో ఉన్నది నీళ్ళు నిలిచి ఉండేది, నల్ల గీతతో గీసిన వాగు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండేది. మన మెట్ట ప్రాంతంలో వాగులన్నీ నల్లవే కనిపిస్తాయి, కంగారు పడకండి. చెరువు కట్ట పక్కన 4ఆర్, 6ఆర్ లాంటి అంకె ఉంటుంది, పక్క నేల కంటే కట్ట అన్ని మీటర్లు ఎత్తని అర్థం.

తవ్విన కాలువకూ పారే వాగుకూ తేడా ఇలా పట్టండి. వాగు ఎత్తు గీతలను అడ్డంగా కోసుకుంటూ దిగుతుంది. చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ ఎత్తు గీత పక్కనే, దాదాపు దానికి సమాంతరంగా, మెల్లగా దిగుతూ పోతుంది, లేకపోతే నీళ్ళు చెరువుకు చేరకుండా పల్లానికి జారిపోతాయి. గ్రామ పటం మీద కనిపించే జంట గీత ఏదైనా సరే ఇలా పరీక్షించండి. జిరాక్స్ తప్పుకు తోడు, నేను నిమ్మతోట దగ్గర కాలువనుకుని గొడవపడింది నిజానికి పాత డొంక, అది ఎత్తు గీతలను నిటారుగా కోసుకుంటూ పోతోంది. బండి అలా ఎక్కగలదు గానీ నీళ్ళు ఎక్కలేవు కదా. గొలుసుకట్టు చెరువులున్న ఊళ్ళలో ఇంకో ఆధారం కూడా దొరుకుతుంది, మీ చెరువు కాలువ మొదలు చాలాసార్లు పై ఊరి చెరువు కలుజు దగ్గరే ఉంటుంది. అందుకని మీ ఊరి పటం ఒక్కటే చాలదు, పై ఊరిది కూడా తెచ్చుకోండి.

పెన్నా డెల్టాలో, తీరం పల్లాల్లో మాత్రం ఈ గీతల చదువు పనికిరాదు. 20 మీటర్లకొక గీత అంటే సముద్రం నుంచి చాలా దూరం దాకా గీతే రాదు. అక్కడ విడివిడిగా రాసి ఉన్న ఎత్తు అంకెలే దిక్కు. అయితే అక్కడ పాత కాగితం విలువ ఇంకో రకంగా తెలుస్తుంది. ఉప్పుకొఠార్లు, తాటితోపులు, సరుగుడు తోటలు, ఇసుక నేలల్లో మంచినీళ్ళ దొరువులు (నీటి గుంటలు) పాత షీట్లలో ఉన్న చోట ఇప్పుడు ఉపగ్రహ చిత్రంలో నలుచదరపు రొయ్యల గుంటలు కనిపిస్తాయి, బకింగ్‌హాం కాలువ పొడుగునా ఇదే వరస. ఊళ్ళో నీళ్ళు ఎప్పటినుంచి ఉప్పగా మారాయో తెలుసుకోవాలనుకునేవాళ్ళు పాత షీటులో దొరువుల గుర్తులన్నీ ఒక కాగితం మీదకి ఎక్కించుకుని, ఒక్కోదాని దగ్గరకు పోయి అడగండి. పేర్లు కూడా వదలకండి. గుడ్డివాగు, పాతూరి చేను, ఉప్పుగుంట లాంటి పేర్లు కొత్త మ్యాపులో సగం ఉండవు, ఉన్నా అక్షరాలు తారుమారై ఉంటాయి.

హద్దు తగాదాకు మాత్రం వాడొద్దు

1:50,000 షీటు మీద అర మిల్లీమీటరు గీత నేల మీద 25 మీటర్లు. ఆ రోడ్డు గీత లోపల మీ ఇల్లూ, పక్కింటి వాళ్ళదీ, ఎదురింటి వాళ్ళదీ అన్నీ ఇమిడిపోతాయి. గ్రామ పటం మీద కూడా అదే గీత రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు, అంత జాగా కోసం మన ఊళ్ళలో కోర్టులకెక్కారు. హద్దు కావాలంటే ఎఫ్ఎంబీ. అదీ స్కేలు పెట్టి కొలవడం కాదు, జి లైను (పొలం గుండా వేసిన ఆధార గీత) మీద, దానికి పక్కల ఆఫ్‌సెట్ల (ఆ గీత నుంచి పక్కకు కొలిచిన దూరాల) మీద లింకుల్లో రాసిన అంకెలు చదవాలి, సర్వేయరు కూడా వాటితోనే నేల మీద కొలిచి రాయి చూపిస్తాడు. మీ ఊళ్ళో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయి ఉంటే సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్, ఒక్కో భూమి ముక్కకు వేసిన పటం) నంబరు వచ్చి ఉంటుంది. పాత నంబరుకూ కొత్త నంబరుకూ జత రాసిన జాబితా అడిగి తీసుకోకుండా పాత పటంతో పోల్చడం మొదలుపెట్టకండి.

నడవండి

ఇంట్లో ఎంత పరిచినా ఆఖరికి నడవాల్సిందే. పరిచిన పటాన్ని ఫోన్లోకి ఎక్కించుకోండి, మీ చుక్క దాని మీద కదులుతుంటే చూసుకుంటూ పోవచ్చు. ఎండాకాలం పొద్దున్నే పోండి, చెట్లూ పొదలూ ఆకు రాల్చి ఉంటే పాత గట్లు తేలిగ్గా కనపడతాయి. ఊళ్ళో నీళ్ళు కట్టిన ముసలాయన ఎవరైనా ఉంటే వెంట తీసుకుపోండి. మాతో వచ్చిన పెద్దాయన ఫోను వైపు ఒక్కసారైనా చూడలేదు. పటం ప్రకారం కాలువ రోడ్డు దాటాల్సిన చోటికి పోయి నిలబడితే, ఆయన చేతికర్రతో రోడ్డు పక్కన మట్టి గీకి, "ఇక్కడ తూముండాల నాయనా, రోడ్డేసినప్పుడు కప్పెట్టినారు" అన్నాడు. పార పెట్టి తవ్వితే రెండడుగుల లోతున తూము అంచు రాయి తగిలింది. ఫోన్లో చుక్కకూ ఆ రాయికీ తొమ్మిది అడుగులు తేడా.

దొరికినవన్నీ జిరాక్స్ కాపీ మీద పెన్సిలుతో గుర్తుపెట్టి, పక్కన తేదీ, ఎవరు చెప్పారో కూడా రాయండి. అసలు పటం మీద ఏమీ రాయొద్దు. మా నాయన పటం మీద ఎవరో ఎప్పుడో ఎర్ర సిరాతో చెరువు పక్కన ఒక గుండ్రం చుట్టారు, అదేమిటో అడుగుదామంటే నాయన లేడు, నేనింకా ఎండాకాలం ఎండాకాలం పోయి ఆ చుట్టుపక్కలే వెతుకుతున్నా.